పక్క మార్చాలని అందరికీ తెలుసు... మరి పుండ్లెందుకు?

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఈ సంగతి తెలియని నర్సు ఉండదు, ఆయా ఉండదు. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉంటే, చూసి పోదామని వచ్చిన చుట్టాలు కూడా ఈ మాటే చెప్పి వెళ్తారు. అయినా వృద్ధులను ఏళ్ల తరబడి ఉంచుకుని చూసే కేంద్రాల్లో పడక పుండ్లు పడుతూనే ఉన్నాయి. డబ్బుకీ చట్టాలకీ లోటు లేని అమెరికాలోనూ పడుతున్నాయి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనే ముందు ఒక ప్రశ్న తేలాలి: పుండ్లు తెలియక పడుతున్నాయా, తెలిసినా చేయలేక పడుతున్నాయా? రెండోదే ఎక్కువ నిజమని ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది. అలాగని శిక్షణ దండగ కాదు. ఏం నేర్పుతున్నారు, ఎవరికి నేర్పుతున్నారు, ఎక్కడ నిలబెట్టి నేర్పుతున్నారు అన్న దగ్గరే తేడా అంతా ఉంది.

అమెరికాని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం, అక్కడ నియమాలూ లెక్కలూ బయటికి కనిపిస్తాయి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. అక్కడ మాత్రం లేవలేని వృద్ధులు మిగిలిన జీవితమంతా ఉండే చోటు. 1980లలో ఈ హోముల పరిస్థితి మీద దుమారం రేగి, 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఇచ్చాక, 1987లో సంస్కరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం నర్స్ ఎయిడ్‌గా, అంటే మన ఆయాల్లా రోగి పక్కనుండి పనులు చేసే సహాయకులుగా చేరేవాళ్లకి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అందులో 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్చుకోవాలి. ఆ తర్వాత ఏటా 12 గంటలు. కొన్ని రాష్ట్రాలు ఈ 75ని రెట్టింపు పైగా పెంచుకున్నాయి. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, చేతుల శుభ్రత, మతిమరుపు ఉన్నవాళ్లతో మాట్లాడే తీరు, అగ్ని ప్రమాదం వస్తే ఏం చేయాలి... అన్నీ ఆ 75 గంటల్లోనే ఇరికించాలి. పడక పుండ్ల వంతుకి దక్కేది కాస్తే.

ఆ కాస్త సమయంలో ఏం చెబుతారన్నది ముఖ్యం. ఎముకకీ పరుపుకీ మధ్య కండ, చర్మం నలిగిపోయి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి, రక్తం అందక ఆ చోటు చచ్చిపోతుంది. అదే పడక పుండు. ఎంత ఒత్తిడికి నాళాలు మూసుకుంటాయని అడిగితే దశాబ్దాల పాటు పాఠాల్లో 32 మిల్లీమీటర్ల పాదరసం అనే అంకె చెప్పారు. 1930లో లాండిస్ అనే పరిశోధకుడు ఆరోగ్యవంతుల వేలిగోరు మొదట్లో కొలిచిన అంకె అది. ఎనభై ఏళ్ల అవ్వ నడుం కింది ఎముక దగ్గర అదే లెక్క నడుస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. 1959లో కోసియాక్ అనే పరిశోధకుడు జంతువుల మీద చేసిన ప్రయోగాలు అంతకంటే పనికొచ్చే సంగతి చెప్పాయి. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు పడినా, తక్కువ ఒత్తిడి చాలాసేపు పడినా నష్టం ఒకటే. ఒత్తిడినీ కాలాన్నీ కలిపి చూడాలి.

ఇంకొకటుంది. శిక్షణలో దీన్నే అందరూ దాటేస్తుంటారు. దెబ్బ చాలాసార్లు పైనుంచి లోపలికి పోదు, లోపలి నుంచి పైకి వస్తుంది. ఎముకను ఆనుకుని ఉన్న కండ ముందు దెబ్బతింటుంది, చర్మం చివరికి. అలాంటి లోతు గాయం పైన ఊదారంగు మచ్చగా తేలడానికి 48 నుంచి 72 గంటలు పట్టవచ్చు. అంటే బుధవారం పొద్దున కనబడిన మచ్చకి ఆదివారం రాత్రి డ్యూటీలో జరిగినదే కారణం కావచ్చు. ఇది తెలియని చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మచ్చ ఎవరి డ్యూటీలో కనబడితే వాళ్లకి తిట్లు. ఒకటి రెండుసార్లు అలా తిన్నాక, కనబడినా చెప్పకపోవడమే నయమని అందరూ నేర్చుకుంటారు. ఆ పాఠాన్ని ఏ తరగతీ నేర్పదు గానీ అందరికీ బాగా ఒంటబడుతుంది.

ఈ నిందల అలవాటు పాతదే. రోగికి పడక పుండు పడిందంటే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, సేవ చేసేవాళ్లది అని 1859లోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసింది. పుండ్లు తలరాత కాదు, ఆపవచ్చు అని చెప్పడానికి ఆ మాట ఎంతో మేలు చేసింది. కానీ సేవ అన్న మాటని సేవ చేసే ఒక్క మనిషికి కుదించేయడంతో మేలు కాస్తా కీడైంది. పరుపు ఎవరు కొన్నారు, రాత్రికి ఎంతమందిని పెట్టారు అన్నవి కూడా సేవలో భాగమే; తిట్లు తినే ఎయిడ్ చేతిలో మాత్రం ఆ రెండూ లేవు.

రాత్రి డ్యూటీ లెక్క ఒకటి వేసి చూడొచ్చు. ఇది ఊహ లెక్కే, అయినా వాస్తవానికి దూరం కాదు. ఒక ఎయిడ్ కింద పదిహేను మంది. అందులో ఎనిమిది మంది తమంతట తాము ఒత్తిగిలలేరు. ఎనిమిది గంటల డ్యూటీ, రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరికి నాలుగు సార్లు, మొత్తం ముప్పై రెండు సార్లు. తిప్పడమంటే ఇటు నుంచి అటు నెట్టడం కాదు. డైపర్ తడిసిందా చూడాలి, తడిస్తే మార్చాలి, దుప్పటి ముడతలు లాగాలి, వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య దిండు సర్దాలి, చర్మం చూడాలి, రాయాలి. ఒక్కోదానికి ఏడు నిమిషాలు వేసుకుంటే 224 నిమిషాలు, నాలుగు గంటలకి కొంచెం తక్కువ. మనిషి బరువుగా ఉంటే ఇద్దరు కావాలి. రెండో మనిషి వచ్చిందంటే ఆమె పదిహేను మందిని వదిలి వచ్చినట్టే. ఈలోగా ఒకరు బాత్రూమ్‌కి పిలుస్తారు, ఇంకొకరు మంచం దిగబోయి పడతారు. తెల్లవారేసరికి తిప్పిన పట్టికలో అన్ని గడులకీ టిక్కులు పడి ఉంటాయి. ఆ టిక్కుల్లో ఎన్ని నిజమో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఆ రెండు గంటలనే కదిపి చూసింది టర్న్ అధ్యయనం. నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని తీసుకుని కొందరిని రెండు గంటలకి, కొందరిని మూడు గంటలకి, కొందరిని నాలుగు గంటలకి పక్క మార్చింది. 2013లో ఫలితాలు వచ్చాయి. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తమ్మీద పుండ్లు పడినవాళ్లు 2 శాతమే. దీన్ని చూసి నాలుగు గంటలు చాలు అని పత్రికలు రాసేయవచ్చు గానీ, షరతులు చదవాలి. అందరూ మంచి సాంద్రత ఉన్న ఫోమ్ పరుపుల మీద ఉన్నారు, గమనించింది మూడు వారాలు, తిప్పిన ప్రతిసారీ చర్మం చూసి రాసేవారు, రాసినదాన్ని పైవాళ్లు పరిశీలించేవారు. నాలుగు గంటలకోసారి నిజంగా తిప్పితే, రెండు గంటలకోసారి తిప్పామని కాగితం మీద రాసేదానికంటే మేలన్నదే దీని సారం. పై లెక్కలో ముప్పై రెండు సార్లు పదహారుకి దిగితే ఆ ఎయిడ్‌కి ఊపిరి ఆడుతుంది. కానీ ఎవరికి నాలుగు గంటలు చాలు, ఎవరికి రెండు గంటల ఎడం కూడా ఎక్కువే అని మనిషిని చూసి తేల్చాలి. పరుపు బాగుండాలి. అంటే శిక్షణ ఎయిడ్‌తో మొదలైనా, పరుపులు కొనే మేనేజరు దాకా పోవాల్సిందే.

వట్టి పాఠాల సంగతి మరీ నిరుత్సాహంగా ఉంది. ఆరోగ్య సిబ్బందికి పడక పుండ్ల గురించి చదువు చెబితే పుండ్లు తగ్గుతాయా అని వైద్య పరిశోధనలన్నీ కూడగట్టి తూచే కొక్రేన్ సంస్థ సమీక్ష 2018లో వెతికితే పనికొచ్చే అధ్యయనాలు దొరికినవి ఐదే. వాటిని బట్టి తగ్గుతాయనీ చెప్పలేం, తగ్గవనీ చెప్పలేం అని తేల్చారు. ఇన్నేళ్లుగా, ఇన్ని దేశాల్లో, ఇన్ని కోట్లు పోసి చేస్తున్న పనికి ఇంత బలహీనమైన సాక్ష్యమా అనిపిస్తుంది. అనిపించాలి కూడా.

2006లో వెలువడిన పిట్స్‌బర్గ్ అధ్యయనం ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకే నర్సింగ్ హోమ్. అక్కడ నర్సులకే కాదు, సిబ్బంది అందరికీ కంప్యూటర్‌లో వీడియో పాఠం పెట్టారు. లక్ష్యం అందుకుంటే చిన్న నగదు బహుమతి అన్నారు. ఎవరు పాఠం పూర్తిచేశారో, పుండ్లు ఎన్ని పడుతున్నాయో యాజమాన్యానికి ఎప్పటికప్పుడు చెబుతూ వచ్చారు. పుండ్లు గణనీయంగా తగ్గాయి. పరిశోధకులు సర్దుకుని వెళ్లాక కొన్ని వారాల్లోనే మళ్లీ పెరగడం మొదలైంది. సిబ్బంది నేర్చుకున్నది మర్చిపోయారా? అన్ని వారాల్లో ఎవరూ అంత మర్చిపోరు. పోయింది తెలివి కాదు, పట్టించుకునే మనిషి.

మనుషులే నిలవకపోతే ఈ చర్చకి అర్థం ఉండదు. అమెరికా నర్సింగ్ హోముల్లో 2017, 2018 లెక్కలు తీసి 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం నర్సింగ్ సిబ్బంది ఉద్యోగం వదిలి వెళ్లిపోవడం సగటున ఏడాదికి 128 శాతం దాకా ఉంది. వంద ఉద్యోగాలున్న చోట ఏడాదిలో 128 మంది వెళ్లిపోయారన్నమాట. ఒకే ఉద్యోగంలోకి ఇద్దరు ముగ్గురు వచ్చి పోతే అంతే అవుతుంది. జనవరిలో నేర్పిన పాఠం డిసెంబరులో ఎవరి చేతుల్లో ఉంటుంది? ఒక్కో రోగికి రోజుకి 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమం తెస్తే, 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. సిబ్బంది దొరకరు, ఖర్చు భరించలేం అని హోముల యాజమాన్యాల వాదన. అందులో కొంత నిజం ఉంది. అయితే జీతం పెంచకుండా మనుషులు దొరకరనడం కూడా అందులో కలిసే ఉంది.

ఇన్ని చెప్పాక, పనిచేసిన శిక్షణ ఎలా ఉంటుందో చూడాలి. ఆరోగ్య సేవల నాణ్యత మీద పనిచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూ నర్సింగ్ హోముల కోసం తయారుచేసిన ఆన్-టైమ్ పథకంలో ఆలోచన సులువైనదే. పళ్లెంలో ఎంత మిగిలింది, ఎన్నిసార్లు పక్క తడిసింది, ఎవరు కుర్చీలోంచి లేవడం మానేశారు, ఇవన్నీ అందరికంటే ముందు చూసేది ఎయిడ్. ఆమె రోజూ రాసేదాన్ని కూర్చి వారం వారం ఒక నివేదికగా తీస్తారు. బరువు తగ్గుతున్నవాళ్లు, తిండి తగ్గినవాళ్లు పైకి కనబడతారు. నర్సు, డైటీషియన్, ఎయిడ్‌లు కొద్ది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటారు. శిక్షణ అంతా ఆ నిలబడిన చోటే. ఫలానా ఆమె ముప్పై రోజుల్లో 5 శాతం బరువు తగ్గింది, ఏం చేద్దాం అన్న ప్రశ్న మీద నేర్చుకున్న పోషకాహారం పాఠం తరగతి గదిలో విన్న పాఠంలా జారిపోదు. పైగా తన మాటకి విలువ ఉందని ఎయిడ్‌కి తెలుస్తుంది, మర్నాడు మరికొంచెం చూసి రాస్తుంది.

ఎవరికి పుండు పడే ముప్పు ఎంతో స్కోరు కట్టడం నేర్పడం ఇందుకు పూర్తిగా వేరు. 1962లో ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ తయారుచేసిన స్కేలు, 1987లో ప్రచురితమైన బ్రేడెన్ స్కేలు రెండూ మంచి సాధనాలే. బ్రేడెన్‌లో ఆరు అంశాలు: స్పర్శ తెలియడం, తడి, నడక, కదలిక, తిండి, రాపిడి. మొత్తం స్కోరు 6 నుంచి 23 వరకు. 18, అంతకు తక్కువైతే ప్రమాదం. కాగితం మీద 13 అని వేసి ఫైల్లో పెట్టేసే చోట ఆ స్కేలు చేసేది ఏమీ లేదు. తిండి దగ్గర ఒకటే వచ్చింది కాబట్టి ఇవాళ వంటగదికి చెప్పాలి, తడి దగ్గర తక్కువ వచ్చింది కాబట్టి డైపర్ మార్చే వేళలు దగ్గర చేయాలి అని ఒక్కో అంకెకీ ఒక్కో పని ముడిపెడితేనే ఉపయోగం.

చేతులతో నేర్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. మాటల్లో చెబితే తలకెక్కవు. మడమలు వాటిల్లో మొదటివి. మడమ కింద దిండు పెట్టమంటే కొత్తవాళ్లు సరిగ్గా మడమ కిందే పెడతారు, ఒత్తిడి అలాగే ఉంటుంది. దిండు నిలువుగా పిక్క కింద ఉండాలి, మడమ గాలిలో తేలాలి, మోకాలు కాస్త వంగాలి. పెట్టాక మడమ కింద అరచెయ్యి దూర్చి చూస్తే తగలకూడదు. శిక్షణలో ఉన్న మనిషినే మంచం మీద పడుకోబెట్టి అరగంట కదలొద్దంటే, ఎక్కడెక్కడ నొప్పి పుడుతుందో ఆమే చెబుతుంది.

మంచం తలవైపు ఎత్తడం ఇంకొకటి. టీవీ చూడ్డానికో అన్నం తినడానికో బాగా ఎత్తి వదిలేస్తే మనిషి మెల్లగా కిందికి జారుతాడు. చర్మం పరుపుని అంటుకుని ఆగిపోతుంది, ఎముక మాత్రం లోపల కిందికి పోతుంది. మధ్యలో నాళాలు సాగి మెలిపడతాయి. నడుం కింద పుండ్లకి ఇదొక పెద్ద కారణం. అందుకే తినడం అయ్యాక 30 డిగ్రీలకి మించి ఎత్తు ఉండొద్దంటారు. పక్కకి తిప్పినప్పుడు కూడా పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకుండా 30 డిగ్రీల వాలుతో ఆపడం మంచిది. జారిన మనిషిని చంకల కింద చేతులు వేసి పైకి లాగడం దాదాపు అన్ని చోట్లా కనబడుతుంది. లాగకూడదు, కింద వేసిన అడ్డ దుప్పటిని ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపాలి. గాలి పరుపు కొన్నాక అంతా అదే చూసుకుంటుందని వదిలేయడమూ మామూలే. రోగి నడుం సరిగ్గా ఎక్కడుందో అక్కడ పరుపు కింద అరచెయ్యి పెట్టి నొక్కి చూడాలి. కనీసం అంగుళం మందం తగలకపోతే గాలి చాలట్లేదు, మనిషి మంచం చెక్క మీద ఉన్నట్టే.

చర్మం రంగు దగ్గర పాఠ్యపుస్తకాలే తప్పటడుగు వేశాయి. మొదటి దశ పుండు అంటే వేలితో నొక్కి వదిలినా తెల్లబడని ఎరుపు అని నేర్పుతారు. తెల్ల చర్మం మీద అది కనబడుతుంది. నల్లటి చర్మం మీద ఎరుపే కనబడదు, తెల్లబడడం అంతకంటే కనబడదు. అక్కడ చూడాల్సింది వేరు: చుట్టుపక్కల కంటే ఆ చోటు వెచ్చగా ఉందా చల్లగా ఉందా, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా, రంగు కాస్త ఊదాగానో ముదురుగానో మారిందా. చేతి వెనక భాగంతో తాకి, రెండో వైపు అదే చోటుతో పోల్చాలి. 2011లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అమెరికా నర్సింగ్ హోముల్లో పుండ్ల ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో, 2008 నాటికి నల్లజాతి వృద్ధుల్లో 14.6 శాతానికి పుండ్లుంటే, తెల్లవాళ్లలో 9.6 శాతానికి ఉన్నాయి. అయితే నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హోముల్లో తెల్లవాళ్లకి కూడా పుండ్లు ఎక్కువే. చూసే కన్నుతో పాటు ఆ హోముల దగ్గర ఉన్న వనరులు కూడా లెక్కలోకి వస్తాయని దీన్ని బట్టి తెలుస్తోంది. తెలుగువాళ్ల చర్మాల మీద ఆ ఎరుపు వెతికే పాఠం ఎంత పనికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి నర్సింగ్ చదువులోనూ ఎరుపే మొదటి గుర్తు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పని ఎవరు చేస్తున్నారు? వృద్ధాశ్రమాల్లో ఆయాలు, హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఏజెన్సీల ద్వారా ఇళ్లకి వచ్చే అటెండర్లు, అంతకంటే ఎక్కువగా కోడళ్లు, కూతుళ్లు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకొక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అని అందులో ఉంది. సంరక్షణ కేంద్రాలకీ, ఇంటికొచ్చి చూసే సేవలకీ కనీస ప్రమాణాలు పెట్టాలని 2019లో సవరణ బిల్లు తెచ్చారు గానీ అది చట్టం కాలేదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులు ఉన్నాయి, అవి చేసినవాళ్లే పనిలో ఉండాలన్న నిర్బంధం ఇళ్లలో ఎక్కడుంది? వారం క్రితం దాకా వేరే పని చేసుకున్న అమ్మాయిని యూనిఫాం వేసి పంపితే ఆమె ఆ ఇంట్లోనే నేర్చుకోవాలి, నేర్పేవాళ్లు ఉంటే.

పైగా మానిపించాల్సినవి కొన్ని ఉన్నాయి. వీపుకి స్పిరిట్ రాసి పౌడర్ చల్లడం ఆసుపత్రుల నుంచే ఇళ్లకి వచ్చిన అలవాటు. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది, చెమటకి పౌడర్ ఉండలు కట్టి గీరుకుంటుంది. ఎర్రబడిన చోట గట్టిగా మర్దన చేస్తే లోపల నలిగిన కండ మరింత నలుగుతుంది. మధ్యలో బెజ్జం ఉన్న గాలి రింగు మీద కూర్చోబెడితే రింగు అంచు చుట్టూ రక్తం ఆగిపోతుంది. రెక్సిన్ షీటు పరుపుని కాపాడుతుంది గానీ దాని మీద పడుకున్నవాళ్ల వీపు ఉక్కకి నానిపోతుంది. ఇక తిండి: మంచాన పడ్డాక జావ, గంజి, పాలలో ముంచిన బ్రెడ్డు. పుండ్ల ముప్పు ఉన్నవాళ్లకి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. యాభై కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాములు. గంజితో అది ఎన్నటికీ తీరదు; ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, చేప ఏదో రూపంలో రోజూ పడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం డాక్టరుని అడిగి పెట్టాలి.

జపాన్ దీన్ని డబ్బుతో ముడిపెట్టింది. 2002లో పడక పుండ్ల నివారణ ఏర్పాట్లు లేని ఆసుపత్రులకి చెల్లింపుల్లో కోత పెట్టింది. 2018 నుంచి వృద్ధుల సంరక్షణ కేంద్రాలు ముప్పు అంచనా వేసి, ప్రణాళిక రాసి అమలుచేస్తే దీర్ఘకాల సంరక్షణ బీమా నుంచి అదనంగా చెల్లిస్తోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జపాన్, జర్మనీలకి వెళ్తున్న నర్సులు రేపు అలాంటి చోట్లే పనిచేస్తారు. ఇక్కడ ఏ ఆశ్రమానికీ పుండు పడకుండా చూసినందుకు ఒక్క రూపాయి అదనంగా రాదు, పడితే పోయేదీ లేదు.

శిక్షణ ఫలించిందా అని కొలిచేటప్పుడు ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారన్నది పక్కన పెట్టి, కొత్తగా పడిన పుండ్లు ఎన్ని, ఏ దశలో పట్టుకున్నారు అని చూడాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది. శిక్షణ నిజంగా పనిచేస్తే మొదటి నెలల్లో పుండ్ల లెక్క పెరుగుతుంది. అంతకుముందు కూడా ఉన్నవే, ఇప్పుడు కళ్లకి కనబడుతున్నాయి, భయం లేకుండా చెబుతున్నారు. మొదటి దశవి పెరిగి, లోతుకి పోయిన మూడు, నాలుగు దశలవి తగ్గుతుంటే దారి సరైనదే. ఆ మొదటి పెరుగుదల చూసి కంగారుపడి సిబ్బందిని నిలదీసిన ఆశ్రమంలో మూడో నెల నుంచి లెక్క మళ్లీ తగ్గిపోతుంది, కాగితం మీద.